ఖాళీ వదిలితే ఏఐ నింపేస్తుంది: ఇంటి పచ్చళ్లకు వెబ్‌సైటు పెట్టే ముందు

మీరు అడిగింది ఇది: గుంటూరు బ్రాడీపేటలో అమ్మగారితో కలిసి ఇంట్లోనే పచ్చళ్లు, పొడులు చేసి అమ్ముతున్నారు. వాట్సాప్‌లో ఆర్డర్లు పెరిగి ఊపిరి సలపడం లేదు. వెబ్‌సైటు చేసిపెట్టడానికి ఒకాయన 45 వేలు అడిగారు. మీ మేనల్లుడు మాత్రం ఏఐతో గంటలో చేసేస్తానంటున్నాడు. ఎవరి మాట వినాలి?

మేనల్లుడి మాటే వినండి అమ్మా. నిజంగానే గంట పని. కాకపోతే ఆ గంటకు ముందు మీరూ అమ్మగారూ కూర్చుని చేయాల్సిన పని రెండు రోజులుంది. అది మేనల్లుడు చేయలేడు, 45 వేలు అడిగినాయనా చేయలేడు.

నేను విజయవాడ గవర్నరుపేటలో 1999లో డీటీపీతో, అంటే కంప్యూటరులో అచ్చు పేజీలు కూర్చే పనితో, మొదలుపెట్టాను. శుభలేఖలు, కరపత్రాలు, ఆ తర్వాత వెబ్‌సైట్లు. ఈ మధ్య చిన్న దుకాణాల పనంతా చాట్‌జీపీటీ, క్లాడ్, జెమినై లాంటి వాటితోనే చేస్తున్నాను. కోడు రాయడంలో అవి నాకంటే వేగం. ఒప్పుకోవడానికి నాకేమీ నామోషీ లేదు. వాటితో వచ్చే చిక్కల్లా ఒకటే: ఎక్కడైనా ఖాళీ కనిపిస్తే ఊరుకోవు, ఏదో ఒకటి పెట్టి నింపేస్తాయి.

మీ ప్రశ్న చూశాక ఒక ఏఐకి ఒకే ఒక్క వాక్యం ఇచ్చి చూశాను: గుంటూరులో ఇంటి పచ్చళ్ల వ్యాపారానికి వెబ్‌సైటు తయారు చేయి. రెండు నిమిషాల్లో పేజీ వచ్చింది. చూడముచ్చటగా ఉంది. పైన 1985 నుంచి మీ సేవలో అని ఉంది. కింద పది వేల మందికి పైగా సంతృప్తి చెందిన కస్టమర్లున్నారట. ముగ్గురి పేర్లతో అయిదేసి నక్షత్రాల మెప్పులు. తొమ్మిది, ఎనిమిది, ఏడు, ఆరు అంటూ మెట్లు దిగినట్టుండే ఫోను నంబరు. ఆహార లైసెన్సు నంబరు అని 14 అంకెలు. నచ్చకపోతే 30 రోజుల్లో తిప్పి పంపవచ్చని హామీ. సగం తిన్న గోంగూర సీసా 29వ రోజున మీ గుమ్మంలోకి వస్తే ఏం చేస్తారు?

ఇందులో ఏ ఒక్కటీ నేను చెప్పలేదు. అది చదివిన వేలాది వ్యాపారుల పేజీల్లో ఆ చోట అలాంటి మాట ఉంటుంది, కనుక ఇక్కడా పెట్టింది. దాని మీద కోప్పడి లాభం లేదు. ఖాళీ మిగలకుండా చూసుకోవడం మన పని. అందుకే ముందు కాగితం, ఆ తర్వాతే కంప్యూటర్.

కాగితం మీద ఏం రాయాలో పెద్ద కష్టపడి ఆలోచించక్కర్లేదు. వాట్సాప్ తెరిచి, గత రెండు నెలల్లో కొత్తవాళ్లు మిమ్మల్ని ఏమేం అడిగారో వరసగా చూడండి. పచ్చళ్లు అమ్మే ఇద్దరు ముగ్గురికి పని చేసిన అనుభవంతో చెబుతున్నాను, మొదటి ప్రశ్న ధర కాదు. వెల్లుల్లి వేస్తారా అన్నది మొదటి ప్రశ్న. రెండోది నూనె: పప్పునూనెనా, వేరుశనగ నూనెనా? ఆ తర్వాత ఎన్నాళ్లు నిల్వ ఉంటుంది, ఫ్రిజ్‌లో పెట్టాలా, కారం ఎంత, పావుకిలో పంపుతారా, హైదరాబాద్‌కు ఎన్నాళ్లలో వస్తుంది, నూనె కారకుండా ప్యాకింగు చేస్తారా. ప్రతి పచ్చడికీ ఈ జవాబులు రాయండి. గోంగూర ఎర్రదా తెల్లదా, కారం తేజ మిర్చిదా సన్నం మిర్చిదా అన్నది కూడా రాయండి. గుంటూరు సన్నానికి భౌగోళిక గుర్తింపు ఉంది. ఆ పేరు వాడితే సీసాలో ఉన్నది అదే అయి ఉండాలి. వారంలో ఏ రోజు వండుతారు, ఏ రోజు పార్సిళ్లు వేస్తారు, ఏ రోజు ఫోను ఎత్తరు అన్నవీ కావాలి. ఈ చివరి సంగతి చాలామంది రాయరు. రాసినవాళ్లు రాత్రి పదింటికి వచ్చే ఫోన్ల నుంచి బయటపడ్డారు.

ఇప్పుడు మేనల్లుణ్ని పిలవండి. ఆ కాగితంలోని విషయమంతా ఏఐకి ఇచ్చి, దాని కింద ఈ మాటలు చేర్చమనండి. నేను దాదాపు ఇవే వాడతాను:

"పైన ఉన్న వివరాలు మాత్రమే వాడు. లేని వివరం అవసరమైతే ఆ చోట 'వివరం కావాలి' అని ఎర్ర అక్షరాల్లో రాసి వదిలేయి. సంవత్సరాలు, కస్టమర్ల సంఖ్య, అభిప్రాయాలు, అవార్డులు, లైసెన్సు నంబర్లు, హామీలు నీ అంతట నువ్వు రాయవద్దు. పని పూర్తయ్యాక, నేను ఇవ్వకుండా నువ్వు చేర్చినవి ఏమైనా ఉంటే విడిగా జాబితా రాసి చూపించు."

ఆ చివరి వాక్యాన్ని వదిలేయవద్దు. అడిగితే చాలావరకు అదే బయటపెడుతుంది. అలాగని పూర్తిగా నమ్మి కూర్చోవద్దు. పేజీని ప్రింటు తీసి, ఎర్ర పెన్నుతో అమ్మగారి చేత చదివించండి. నేను పట్టుకోలేని తప్పులు దుకాణదారుల ఇళ్లలో పెద్దవాళ్లు పట్టుకున్నారు.

ఇక తెలుగు. ఏఐ రాసే తెలుగులో ఈ మధ్య అక్షర దోషాలు తగ్గాయి, కానీ అది ఇప్పటికీ ఎవరి ఇంట్లోనూ మాట్లాడని తెలుగు. నాకు వచ్చిన పేజీలో ఈ వాక్యం ఉంది: "మా ప్రామాణికమైన రుచుల ప్రపంచంలోకి స్వాగతం, ప్రతి సీసాలోనూ సంప్రదాయపు సారాన్ని అనుభవించండి." ఇది చదివి పచ్చడి కొనేవాళ్లెవరైనా ఉంటారా? అమ్మగారి పక్కన ఫోను పెట్టి, గోంగూర పచ్చడి ఎలా పెడతారో చెప్పమని రికార్డు చేయండి. ఒక ఇంట్లో నేను అలా చేస్తే వచ్చిన మాటలివి: "ఆకు కడిగాక గుడ్డ మీద పరిచి నీడన ఆరబెడతాను. తడి పూర్తిగా పోవాలి. తడి ఉంటే నెల తిరక్కముందే బూజు పడుతుంది." ఇలాంటి మూడు వాక్యాలు సైటులో ఉంటే ఏ డిజైనూ అక్కర్లేదు. రికార్డును అక్షరాల్లోకి మార్చే పని ఏఐకే ఇవ్వండి. అక్షర దోషాలు దిద్దమనండి. మెరుగుపరచమని మాత్రం అనవద్దు. ఆ మాట వినగానే సంప్రదాయపు సారం మళ్లీ తయారవుతుంది.

పాత లేబుళ్ల గురించి ఒక సంగతి, ఇది మా డీటీపీ వాళ్ల పాపమే. మీ సీసాల మీది తెలుగు బహుశా అనూ ఫాంట్లలో కొట్టి ఉంటారు. అవి అన్ని ఫోన్లూ, కంప్యూటర్లూ ఒకేలా చదివే యూనికోడ్ పద్ధతివి కావు. ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు ఉండే స్థానాల్లో తెలుగు అక్షరాల బొమ్మలు కూర్చిన ఫాంట్లు. ఆ ఫైలు నుంచి తీసి వెబ్‌సైటులో అతికిస్తే పిచ్చి గీతలు వస్తాయి. కన్వర్టర్లు ఉన్నాయి. అంతకంటే తేలిక పద్ధతి, లేబులు ఫోటో తీసి ఏఐకి చూపించి అందులోని తెలుగు టైపు చేయమనడం. చేసిన తర్వాత వత్తులు, గ్రాముల అంకెలు ఒక్కొక్కటీ సరిచూసుకోండి. అక్కడే తడబడుతుంది.

ఫాంటు విషయంలో మండలి, నోటో సాన్స్ తెలుగు రెండూ గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి. సాదా రాతకు ఏదైనా సరే. ఏఐ మాత్రం తన అలవాటు కొద్దీ ఇంగ్లీషు కొలతలే తెలుగుకూ పెడుతుంది. పంక్తుల మధ్య ఎడం తక్కువ ఇస్తుంది, దానితో పై పంక్తి వత్తులు కింది పంక్తి గుడులకు తగులుకుంటాయి. శీర్షికల్లో అక్షరాలను దూరదూరంగా జరుపుతుంది. అది ఇంగ్లీషుకు సొగసే, తెలుగులో మాత్రం మాట పళ్లు ఊడినట్టు కనిపిస్తుంది. పంక్తి ఎత్తు అక్షరం సైజుకు 1.6 రెట్లు ఉంచమనండి, అక్షరాల మధ్య అదనపు ఎడం తీసేయమనండి. పేజీ భాష తెలుగు అని కోడులో ప్రకటించమని కూడా చెప్పండి. చెప్పకపోతే చాలాసార్లు ఇంగ్లీషు అని రాస్తుంది, చూపు లేనివారికి చదివి వినిపించే సాఫ్ట్‌వేర్లు అక్కడ తడబడతాయి. ఇంకొకటి, మనవాళ్లు వెతికేటప్పుడు గోంగూర పచ్చడి అన్న మాటను చాలామంది ఇంగ్లీషు అక్షరాల్లోనే కొడతారు. కాబట్టి ప్రతి పచ్చడి పేరూ పేజీ శీర్షికలో రెండు లిపుల్లోనూ ఉండాలి.

బొమ్మలకు ఏఐని వాడవద్దు. దీని మీద నాకు రెండో అభిప్రాయం లేదు. గోంగూర కట్ట బొమ్మ గీయమంటే నాకు పాలకూర గీసి ఇచ్చింది. గోంగూర ఆకు చేతి వేళ్లలా చీలి ఉంటుందని, కాడ ఎర్రగా ఉంటుందని వివరంగా చెబితే రెండోసారి ఇంకేదో ఆకు వచ్చింది. అయినా అసలు గొడవ అది కాదు. కొనేవాళ్లకు వచ్చే సీసా, చూసిన సీసా ఒకటే కావాలి. ఉదయం ఎనిమిదింటికి కిటికీ పక్కన స్టీలు పళ్లెంలో వేడి అన్నం, దాని మీద మీ పచ్చడి పెట్టి ఫోనుతోనే తీయండి. ఫోను ఫోటో నాలుగైదు ఎంబీ ఉంటుంది. అలాంటివి పన్నెండు పెడితే బస్సులో సిగ్నలు సరిగా లేనివాళ్లకు పేజీ తెరుచుకోదు. ఒక్కొక్కటీ 200 కేబీ లోపుకు తగ్గించమని ఏఐకే చెప్పండి, ఆ పని బాగా చేస్తుంది.

ఇప్పుడు నేను తిన్న దెబ్బ చెబుతాను. ఆమధ్య దసరాకు ముందు సత్యనారాయణపురంలో ఒక మిఠాయి దుకాణానికి సైటు చేశాను. ఆర్డరు ఫారం ఏఐ రాసింది. పేరు, ఫోను, ఎన్ని కిలోలు, ఎప్పటికి కావాలి అని నాలుగు గడులు. పంపు అని నొక్కితే చిన్న చక్రం తిరిగి, పచ్చటి టిక్కుతో "ధన్యవాదాలు, మీ ఆర్డరు అందింది" అని వస్తుంది. నేను నొక్కి చూశాను, వచ్చింది, బాగుందనుకున్నాను. పదకొండు రోజుల పాటు ఒక్క ఆర్డరూ రాలేదు. పన్నెండో రోజున ఒక పెద్దావిడ దుకాణానికి ఫోను చేసి, అయిదు కిలోల సున్నుండలకు ఆర్డరిస్తే ఇంతవరకు ఉలుకూ పలుకూ లేదని దులిపేశారు. అప్పుడు కోడు తెరిచి చదివాను. అందులో ఉన్నదల్లా ఇంతే: నొక్కాక ఒకటిన్నర సెకను ఆగు, ఆ తర్వాత ధన్యవాదాలు అని చూపించు. వివరాలు ఎక్కడికీ పోవడం లేదు. ఎక్కడికి పంపాలో నేను చెప్పలేదు కనుక అక్కడా ఖాళీని నింపేసింది, ఈసారి నాటకంతో. ఎంతమంది అలా ధన్యవాదాలు చూసుకుని కూర్చున్నారో లెక్క తీయడానికి కూడా దారి లేదు. ఆ పని డబ్బు నేను తీసుకోలేదు.

అందుకే మీకు ఫారం వద్దంటాను. ప్రతి పచ్చడి కింద వాట్సాప్ బొత్తం పెట్టించండి. నొక్కితే మీ నంబరుకు "గోంగూర, అరకిలో కావాలి" అని సందేశం సిద్ధంగా తెరుచుకోవాలి. దానికి ప్రత్యేకమైన లింకు పద్ధతి వాట్సాప్‌లోనే ఉంది, ఏఐకి అది తెలుసు. మీ దగ్గర మామూలు వాట్సాప్ ఉంటే వాట్సాప్ బిజినెస్‌కు మారండి, ఉచితమే. పనివేళలు, పచ్చళ్ల జాబితా అందులో పెట్టుకోవచ్చు. సైటు సిద్ధమయ్యాక మీరు కాకుండా పక్కింటి వాళ్లు తమ ఫోనుతో నిజంగా ఆర్డరిచ్చి, డబ్బు కట్టి, పార్సిలు అందుకున్నాకే అది పనిచేస్తున్నట్టు లెక్క.

డబ్బు విషయంలో ఆర్డరు ఖాయమయ్యాక యూపీఐ వివరాలు పంపండి, మొదట్లో అది చాలు. ఆర్డర్లు రోజుకు ముప్పై, నలభై దాటితే పేమెంట్ గేట్‌వే, అంటే సైటులోనే డబ్బు కట్టించుకుని మీ ఖాతాకు చేర్చే సేవ, ఆలోచించవచ్చు. అప్పుడు కూడా చెల్లింపు పేజీని ఏఐతో సొంతంగా రాయించవద్దు, గేట్‌వే వాళ్లే ఇచ్చే పేజీనో లింకునో వాడండి. ఎందుకంటే ఏఐ తొందరలో రాసే కోడులో ధర చాలాసార్లు కొనేవారి బ్రౌజరులోనే ఉంటుంది. తెలిసినవాడు 900 రూపాయలను 9 చేసి కట్టేయగలడు. గేట్‌వే ఖాతాకు తాళంచెవి లాంటి రహస్య కీని అందరికీ కనిపించే పేజీలో పెట్టేసిన కోడు కూడా చూశాను. ఇవి మీ మేనల్లుడికి చూపించండి, తెలివైన పిల్లవాడైతే అతనికే ఆసక్తి పుడుతుంది.

చట్టం సంగతి ఇష్టం లేకపోయినా చెప్పాలి. ఇంట్లో వండి అమ్మినా ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ దగ్గర రిజిస్ట్రేషన్ కావాలి. ఆ 14 అంకెలు మీవే అయి ఉండాలి, ఏఐవి కాదు. 2011 నాటి ప్యాకేజీ వస్తువుల తూనికల నిబంధనల ప్రకారం తయారీదారు పేరు, చిరునామా, నికర బరువు, ఎమ్మార్పీ, ఫిర్యాదుకు ఫోను లాంటివి సీసా మీదే కాదు, ఆన్‌లైన్‌లో అమ్మేచోట కూడా కనిపించాలి. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదులు చూసే మనిషి పేరు ఉండాలి, ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలో తేల్చాలి. ఉసిరి పచ్చడి పేజీలో ఏఐ మధుమేహం తగ్గుతుందని రాస్తే వెంటనే కొట్టేయండి. ఆహారానికి రోగాలు తగ్గించే గుణాలు అంటగట్టి అమ్మకూడదు. జీఎస్టీ ఒక్కటి మాత్రం సైటు తెరవకముందే మీ ఆడిటరును అడగండి. పన్ను పడే సరుకు రాష్ట్రం దాటించి అమ్మితే టర్నోవరు ఎంత చిన్నదైనా సాధారణంగా రిజిస్ట్రేషన్ కావాలి. హైదరాబాద్‌లో అక్కయ్యగారి అపార్ట్‌మెంటు వాళ్లందరికీ పంపుతున్నామనుకుంటాం గానీ, 2014 నుంచి అది పక్క రాష్ట్రం.

పేరు, చోటు. డొమైను పేరు, అంటే మీ సైటు చిరునామా, మీ సొంత ఈమెయిలుతో, మీ సొంత ఫోను నంబరుతో, మీ డబ్బుతో కొనండి. మేనల్లుడి ఈమెయిలుతో వద్దు, 45 వేలాయన ఈమెయిలుతో అసలే వద్దు. పట్నం బజారులో ఒక బట్టల దుకాణం పేరు సైటు చేసిన కుర్రాడి ఖాతాలో ఉండిపోయింది. అతను ఉద్యోగం వచ్చి బెంగళూరు వెళ్లాడు, గడువు నోటీసులు అతనికే పోయాయి, అతను చూడలేదు. ఆరేళ్లుగా బిల్లు పుస్తకాల మీద, సంచుల మీద అచ్చేసుకున్న పేరు ఇంకెవరి చేతికో పోయింది. కొనేటప్పుడు మొదటి ఏడాది ధర చూసి మురిసిపోకండి, రెండో ఏడాది నుంచి ఎంతో చూడండి. డాట్ ఇన్ చాలు. తెలుగులో డాట్ భారత్ కూడా ఉంది, నాకు ముచ్చటే, కానీ ఫోనులో మీ చిరునామా చెబితే అవతలివాళ్లు టైపు చేయగలగాలి కదా.

ఇంత చిన్న సైటును ఇంటర్నెట్‌లో ఉంచే చోటుకు నెలనెలా అద్దె కట్టక్కర్లేదు. అయితే ఏఐ సాధారణంగా గిట్‌హబ్ పేజెస్ అనో, వెర్సెల్ ఉచిత ప్లాను అనో సలహా ఇస్తుంది. మొదటిది ఆన్‌లైన్ వ్యాపారం నడపడానికి కాదని, రెండోది వాణిజ్యానికి కాదని వాళ్ల నిబంధనల్లోనే ఉంది. క్లౌడ్‌ఫ్లేర్ పేజెస్ లాంటివి చూడమనండి. సైటు ఫైళ్ల కాపీ ఒకటి మీ ఇంట్లో పెన్‌డ్రైవులో ఉంచుకోండి.

సైటు కంటే ముందు, వీలైతే ఈ వారమే, గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ తెరవండి. గుంటూరు పచ్చళ్లు అని వెతికేవాళ్లకు ముందు కనిపించేది మ్యాపే. మ్యాపులో ఇంటి చిరునామా అందరికీ కనిపించడం ఇష్టం లేకపోతే అక్కడ దాచి, ఏయే ప్రాంతాలకు పంపుతారో మాత్రం పెట్టుకునే వీలుంది. అక్కడ పాత కస్టమర్లను అభిప్రాయం రాయమని అడగండి. సైటులో పెట్టుకోవాల్సిన మెప్పులు అవే, రాసినవాళ్లను ముందుగా అడిగి.

ఇక ఆ 45 వేల సంగతి. ఆయనను ఒక్కసారిగా తీసిపారేయను, అందులో ఫోటోలు తీయడం, ఏడాది పాటు ధరల మార్పులు, పండగ ఆఫర్లు చూసుకోవడం ఉంటే అది కష్టానికి తగిన డబ్బే కావచ్చు. డొమైను ఎవరి పేరున ఉంటుంది, కోడు నాకు ఇస్తారా, ధర మార్చాలంటే ప్రతిసారీ మిమ్మల్నే అడగాలా అని మూడు ప్రశ్నలు వేయండి. మూడింటికీ తిన్నగా జవాబు రాకపోతే నమస్కారం పెట్టి వచ్చేయండి.

మేనల్లుడి చేత మాత్రం ఊరికే చేయించుకోకండి, ఎంతో కొంత చేతిలో పెట్టండి. ఊరికే చేసిపెట్టినవాణ్ని ఆవకాయ రోజుల్లో ధరలు మార్చమని అడగడానికి మొహమాటపడతారు.